ఇల్లు చేరకముందు చెప్పవలసిన మాట

పలకరించడం నేర్పడం నా ఉద్యోగంలో భాగం. కామారెడ్డిలో రైసుమిల్లుల వెనక ఉన్న ఒక కమ్యూనిటీ కళాశాలలో నేను సంభాషణ పాఠం చెప్పేవాడిని. పదో తరగతో ఇంటరో అయిన పిల్లలు అక్కడ రోగుల సేవ, కుట్టుపని, హోటల్ పని నేర్చుకొని, చాలావరకు గల్ఫ్ దేశాలకు వెళ్ళేవారు. యజమాని ఎదురైతే ఎలా నిలబడాలి, రోగి బంధువులతో ఏ గొంతుతో మాట్లాడాలి అని చెబుతూ, నేను నేర్పుతున్నది మర్యాదా, లేక మర్యాద తొడుక్కొనే చొక్కానా అని తర్కించుకొనేవాడిని. లోపల ఏమీ లేకపోయినా బయట నమస్కారం పెట్టవచ్చు. కానీ బయట ఏ రూపమూ లేకపోతే లోపల ఉన్నది ఎక్కడ నిలుస్తుంది? చదివిన పుస్తకాలలో దీనికి రెండు వైపులా సమాధానాలు ఉన్నాయి. కాబట్టి నాకు సమాధానం దొరకలేదనే అనుకోవాలి.

2012 నవంబరులో మా ప్రిన్సిపాల్ పురుషోత్తం గారు ప్రపంచ సంస్కృతుల దినం జరపాలని నిశ్చయించారు. కెనడాలోని ఒక కమ్యూనిటీ కళాశాల నుంచి ఇద్దరు అధ్యాపకులు వస్తున్నారు. వారికి మా పిల్లలు నచ్చితే రెండు చోట్ల మధ్య రాకపోకలు మొదలవుతాయని ఆయన ఆశ. ఒక్కో తరగతికి ఒక్కో దేశం పంచారు. వంటలు, వేషాలు, జెండాలు ఇతరులు చూసుకొన్నారు. నా వంతు 'ప్రపంచ పలకరింపులు': ఏ దేశంలో మనిషి మనిషిని ఎలా కలుస్తాడో వేదిక మీద చూపించాలి.

ఆ అంశానికి మాలతి ఆధారం. ఎల్లారెడ్డి దగ్గరి ఒక తండాకు చెందిన లంబాడా అమ్మాయి. రోగుల సేవ కోర్సు చదువుతూ ఊళ్ళోనే హాస్టల్లో ఉండేది. జపాన్ వాళ్ళలా నడుము వంచినా, అరబ్బుల్లా చెంపకు చెంప ఆనించినా, న్యూజిలాండ్ మూలవాసుల్లా ముక్కుకు ముక్కు తాకించినా, ఎదుటి మనిషి ఆమెకు అప్పుడే నిజంగా దొరికినట్టు ఉండేది. మిగిలిన పిల్లలు నవ్వాపుకోలేక మధ్యలో వదిలేసేవారు.

"జర మెల్లగ తాకియ్యే, నా ముక్కు అరుగుతున్నది" అనేది ఆమెకు జతగా నిలబడే దోమకొండ పిల్ల రమ.

"అరిగెటందుకు నీకు ముక్కుంటే గదా" అనేది మాలతి, ముఖంలో ఏ మార్పూ లేకుండా.

ఒక సాయంత్రం అభ్యాసం ముగిశాక అందరూ వెళ్ళినా ఆమె వెళ్ళలేదు. కుర్చీలు సర్దుతున్నట్టు అటూ ఇటూ తిరిగి, చివరికి నా దగ్గరకు వచ్చింది.

"సార్, ఆ దినం నేను ఉండ. వేరేవాళ్లను పెట్టుకోండ్రి."

"ఏమైంది బిడ్డా?"

"మా అమ్మ వస్తున్నది సార్, కువైట్ నుంచి. గదే దినం."

"మంచిదే గదా. మరి గట్లున్నవేంది?"

"మా నాని లేదు సార్. గా సంగతి అమ్మకు తెల్వది."

నాని అంటే అమ్మమ్మ. మాలతి తల్లి గాంగి ఆరేళ్ళ కిందట ఇంటిపనికి కువైట్ వెళ్ళింది. వెళ్తూ బిడ్డను తన తల్లికి అప్పగించింది. ఆ ముసలామె కిందటి చలికాలంలో చనిపోయింది. పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంది. ఒప్పందం గడువు ముగిసేదాకా గాంగి రావడానికి వీల్లేదు. చెబితే పరాయి వంటగదిలో ఒంటరిగా ఏడవాలి, ఏడుస్తూ గిన్నెలు తోమాలి. అందుకని వచ్చేదాకా చెప్పవద్దని ఇంట్లోవాళ్ళు నిర్ణయించుకొన్నారు. గాంగి ఫోన్ చేసిన ప్రతిసారీ తల్లిని అడిగేది. పండుకున్నది, లింగంపేట పోయింది, ఫోన్‌ల వినవస్తలేదట. ఈ జవాబులన్నీ మాలతివే. తండ్రి తారాసింగ్ అబద్ధం చెప్పబోతే గొంతు వణికేదట. అందువల్ల ఆ పని బిడ్డ మీద పడింది.

"ఇప్పుడు కూడా నువ్వే చెప్పాల్నా? మీ బాపు చెప్పడా?" అన్నాను.

"మొగోళ్లు చెప్పరు సార్. మా దాంట్ల చాలా దినాలకు కలిస్తే ఆడోళ్లు మెడలు పట్టుకొని ఏడుస్తరు. ఆ ఏడుపులనే అన్ని చెప్పుకుంటరు. ఎవరు పుట్టిన్రు, ఎవరు పోయిన్రు, పంట ఏమైంది. చావు సంగతి అండ్లనే చెప్పాలె, రక్తం పంచుకున్న ఆడపిల్ల చెప్పాలె. నాని దిక్కు నేనొక్కదాన్నే ఉన్న."

"మామూలుగ కూసోబెట్టి చెప్తే కాదా?"

"ఉత్త మాటల్ల చెప్తే ఎదురుంగ నిలవడి చెప్పాలె సార్. ఆ మాట తాకి మనిషి కింద పడుతది. ఏడుపుల అయితే పట్టుకొనే ఉంటం గదా."

నా తర్కంలో ఇన్నాళ్ళూ కనపడని ఒక సులువైన సంగతి ఆమె చెప్పినట్టు తోచింది.

"కని నాకది రాదు సార్" అంది మాలతి. "చిన్నప్పటి సంది హాస్టల్లనే పెరిగిన. మా భాష కూడ సగమే వస్తది. ఆ రాగం అసలే పట్టలే. గీ వారం తండాకు పోయి మా అత్త దగ్గర నేర్చుకుంట. అమ్మ ఇల్లు చేరకముందే చెప్పాలె. ఇంట్లకు పోయి చూస్తే నాని మంచం ఉండది. మంచం లేంది చూసి తెల్సుకుంటే ఎట్ల సార్?"

హైదరాబాద్‌లో విమానం దిగినవాళ్ళు ఎల్లారెడ్డికి కామారెడ్డి మీదుగానే పోవాలి. తారాసింగ్ గాంగిని ఇక్కడి బస్టాండులో దించి ముందు బిడ్డ దగ్గరకు తీసుకువస్తాడు. అంతవరకు వాళ్ళ ఏర్పాటు.

సెలవు కోసం నేను పురుషోత్తం గారి దగ్గరకు వెళ్ళాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఆ పిల్ల లేకుంటే మీ ఐటమే లేదు గదయ్యా. కెనడావోళ్లు పదకొండుకల్లా లేచి పోతరు. విమానం దిగి, సామాను తీస్కొని, బస్సెక్కి వచ్చేవరకు పన్నెండు దాటుతది. గంతవరకు ఉండుమను. వాళ్ల అత్తనే ఇక్కడికి పిలుద్దాం. ఏముంది, నేర్చుకునేది ఏడుపే గదా, ఇక్కడ మస్తు జాగ ఉంది."

ఆయన వెటకారానికి అనలేదు. సమస్యలన్నింటికీ గది కేటాయించడం ఆయన పద్ధతి.

రెండు రోజుల తరువాత తారాసింగ్ తన అక్క సోనిని తీసుకువచ్చాడు. అద్దాలు కుట్టిన రవికె, కుచ్చుల పరికిణీ, మోచేతి పైదాకా గాజులు. కుట్టుపని గదిలో మిషన్ల మధ్య నేల మీద కూర్చొని, చుట్టూ మూగిన ఆడపిల్లలను ఒకసారి చూసి, నా వైపు తిరిగింది.

"నువ్వేనా ఏడుపు సారువు?"

పిల్లలు పకపకా నవ్వారు. "కాదక్కా, పలకరింపు సారును" అన్నాను.

"ఏడుపు నేర్పుడేంది సారూ? పుట్టిన పొద్దు నీకెవరు నేర్పిన్రు?"

"పాట లెక్క ఉంటదట గదా."

"పాట గాదు. పాటయితే పైసలు తీస్కుంటుంటి."

రమకు ఆగలేదు. "అవ్వా, నువ్వే గాంగవ్వ అనుకో. మాలతి నిన్ను పట్టుకొని ఏడుస్తది. తప్పు పోతే దిద్దు."

సోని ముఖం గట్టిపడింది. "అట్లనకు పిల్లా. రాని మనిషిని వచ్చినట్టు ఏడుస్తరా? దారిల ఉన్నదానికి మంచిది గాదు."

అభ్యాసానికి వీలులేని పని నేర్చుకోవడానికి వచ్చామని నాకు అప్పుడు అర్థమైంది. మాలతి తల వంచుకొంది. తారాసింగ్ గుమ్మం దగ్గర నిలబడి తువ్వాలు కొసను చుడుతూ విప్పుతూ ఉన్నాడు.

సోని లేచింది. "తీజ్ అయినంక నిన్ను నేను చూడలే గదనే" అంది మేనకోడలితో. "గంత చాలు."

రెండు చేతులూ మాలతి మెడ చుట్టూ వేసి, ఆమె భుజం మీద ముఖం ఆనించి మొదలుపెట్టింది. నేను రోదన అనుకొన్నది రోదన కాదు. ఒక పొడవైన మాట సాగి, కిందికి దిగి, ఊపిరి తెగిన చోట ఆగేది. మళ్ళీ పైనుంచి మొదలయ్యేది. మాటలు వాళ్ళ భాషలో ఉన్నాయి. తారాసింగ్ తగ్గు గొంతుతో నాకు చెప్పాడు: తీజ్ పండుగకు నువ్వు బుట్టలో గోధుమ మొలకలు పెంచినవు, తరువాత కనిపించకుండా పోయినవు, నా కోడలికి బిడ్డ పుట్టింది, మేక చచ్చింది, నువ్వు సన్నబడ్డవు. అంతే. అంత చిన్న సంగతులు ఆ రాగంలో పడగానే మోయలేనంత బరువెక్కాయి. మాలతి మొదట బిగుసుకొని నిలబడింది. తరువాత అత్త వాక్యం ముగిసిన చోట సన్నగా తన గొంతు కలిపింది. తండ్రి దుబాయిలో ఉన్న రమ గోడ వైపు తిరిగి ఏడవడం మొదలుపెట్టింది. ఆ తరువాత గదిలో ఏడవనిది మిషన్లే.

పురుషోత్తం గారు గుమ్మంలోకి వచ్చి, లోపలి దృశ్యం చూసి, నన్ను అడగకుండానే వెనక్కి తిరిగారు. మరుక్షణం అటెండర్ స్వామిదాసు బడి వదిలే గంట కొట్టాడు. నేను పరుగెత్తి కారణం చెప్పేసరికి ఆయన వరండాలో పిల్లలను నిలబెట్టి మౌనం పాటిస్తున్నారు. సగం మంది సంచులతో గేటు దాటారు.

"అంటే ఎవ్వరు చనిపోలేదా?" అన్నారు ఆయన.

"ఎవ్వరు పోలేదు సార్. కలుసుకున్నరు."

"కలుసుకుంటే గింతనా?"

ఆయన తిరిగి గదిలోకి వచ్చి సోనిని చాలాసేపు చూశారు. ఆమె అప్పటికే ముఖం తుడుచుకొని, ఏమీ జరగనట్టు ఛాయ్ అడుగుతోంది. పురుషోత్తం గారి కళ్ళలో ఒక వెలుగు వచ్చింది. నాకు భయం వేసింది.

"జపాన్లు, అరబ్బులు అయినంక ఆఖరుకు ఇది పెడదాం. మన జిల్లా పలకరింపు. ఆ పిల్ల, ఈమె. కెనడావోళ్లు జన్మల మర్చిపోరు."

"వద్దు సార్" అంది మాలతి.

"ఎందుకు బిడ్డా? మీ సంస్కృతి గొప్పతనం ప్రపంచానికి తెలుస్తది."

"గొప్పది కాదు సార్. మా అమ్మకు చెప్పేది ఉన్నది, గంతే. అది ముందుగాల్ల వేరేటోళ్లకు చూపిస్తే అమ్మకు ఏం మిగులుతది?"

ఆయన ముఖం చిన్నబోయింది. ఒక మంచి ఆలోచనను ఎవరూ మెచ్చుకోనప్పుడు ఆయన నిజంగానే బాధపడేవారు. ఆ సాయంత్రం స్కూటర్ దగ్గర నన్ను ఆపి, నా వైపు చూడకుండా అన్నారు: "మా అమ్మ పోయిన సంగతి నాకు బస్ కండక్టర్ చెప్పిండు. దోమకొండకు టికెట్ కొట్టుకుంట, 'మీ అమ్మ దినాలకా సార్?' అన్నడు. టికెట్ చేతుల పెట్టి పోయిండు, పాపం వానికేం తెల్సు." స్కూటర్ స్టార్ట్ చేసి మళ్ళీ ఆపారు. "ఆ పిల్లను బలవంత పెట్టకుండ్రి."

అమ్మ వచ్చేదాకా వేదిక మీద ఉంటానని ఒప్పుకొంది గాని, ఆ వారం మాలతి ఎవరితోనూ ఎక్కువగా మాట్లాడలేదు. అత్త నేర్పి వెళ్ళిన కొన్ని మాటలను పెదవులతో అనుకొంటూ ఉండేది. రాగం మాత్రం తీసేది కాదు. దారిలో ఉన్న మనిషికి మంచిది కాదన్న మాట ఆమెలో నాటుకొంది. నేను కూడా ఆమెకు ధైర్యం చెప్పే ప్రయత్నం చేయలేదు. ధైర్యం చెప్పడం ఎలాగో తరగతిలో నేర్పుతాను. ఆ వాక్యాలు ఇక్కడ నా నోటికి రాలేదు.

ఉత్సవం రోజు హాలు నిండింది. గోడలకు దేశాల జెండాలు. ఒక మూల ఖర్జూరాలు, మరో మూల మక్క గారెలు. కెనడా నుంచి వచ్చిన ఇద్దరూ, తెల్లజుట్టు ఆవిడా పొడవైన యువకుడూ, ముందు వరుసలో కూర్చొన్నారు. పలకరింపులు మొదలైన కాసేపటికే కరెంటు పోయింది. మైకు ఆగినా పిల్లలు ఆపలేదు. మాలతి, రమ ఎదురెదురుగా నిలబడి నడుములు వంచారు. వంగిన మాలతి లేచేటప్పుడు ఆమె చూపు హాలు వెనక తలుపు మీద పడి, అక్కడే నిలిచిపోయింది.

తారాసింగ్ తలుపు దగ్గర ఉన్నాడు. అతని పక్కన తాడు కట్టిన పెద్ద పెట్టె. పెట్టె పక్కన నల్లని పొడవాటి గౌను, తలకు గుడ్డ చుట్టుకొన్న ఒక ఆడమనిషి. విమానం వేళకే దిగింది. బస్సు వెంటనే దొరికింది. మేము ఎవరమూ లెక్కలోకి తీసుకోనిది అదే.

మాలతి వేదిక దిగి కుర్చీల మధ్య నుంచి నడిచింది. నేను పక్క గోడ వెంట వెనక్కి వెళ్ళాను, వాళ్ళను కుట్టుపని గదికి తీసుకుపోదామని. కానీ అప్పటికే గాంగి నవ్వు ముఖంతో ఎదురు వచ్చింది. వచ్చీరావడంతోనే అడిగింది:

"నాని మంచిగున్నదానే?"

మాలతి పెదవులు కదిలాయి. ఏడాదిగా అలవాటైన జవాబు ఆ పెదవుల మీదికి రావడం నేను చూశాను. పండుకున్నది. ఇప్పుడు కూడా ఆ మాట అనడం ఎంతో సులువు. ఆమె నోరు మూసుకొంది. తరువాత చేతులు చాచి తల్లి మెడను చుట్టుకొని, ఆమె భుజం మీద ముఖం పెట్టి, గొంతు ఎత్తింది.

గాంగి కొయ్యలా నిలబడింది. ఆమె చేతులు పక్కనే వేలాడుతున్నాయి. "ఉష్, ఉష్" అంది చుట్టూ చూస్తూ. ఆరేళ్ళు ఏడుపు వినబడకూడని ఇంట్లో బతికిన మనిషి. హాలులో ఎవరో చప్పట్లు కొట్టారు. ఇది కూడా కార్యక్రమమే అనుకొని ఆ చప్పట్లను అందరూ అందుకొన్నారు. తెల్లజుట్టు ఆవిడ కూడా నవ్వుతూ చప్పట్లు కొట్టింది.

పురుషోత్తం గారు లేచారు. అతిథుల వైపు వీపు తిరిగినా పట్టించుకోకుండా రెండు చేతులూ పైకెత్తారు. "ఆపుండ్రి. చప్పట్లు కొట్టకుండ్రి. ఇది మన ప్రోగ్రాం గాదు."

చప్పట్లు వరుస వెంట వరుస ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో మాలతి గొంతు ఒక్కటే మిగిలింది. అత్త చెప్పిన మాటలు వాళ్ళ భాషలో వరుసగా వచ్చాయి. నువ్వు వెళ్ళిన దారి, నేను చూసిన దారి, అని తారాసింగ్ నాకు చెప్పాడు. రెండు మూడు వాక్యాలు. అక్కడితో ఆమెకు వచ్చిన మాటలు అయిపోయాయి. రాగం గాలిలో ఆగింది. తారాసింగ్ కళ్ళు మూసుకొన్నాడు.

మాలతి ఊపిరి పీల్చుకొని, అదే రాగంలో, తెలుగులో అందుకొంది. అమ్మా అని పిలిచే 'యాడీ' ఒక్కటే వాళ్ళ భాషలో మిగిలింది.

"యాడీ, నీ అమ్మ లేదు యాడీ. పోయిన చలికాలం పోయింది. ఫోన్‌ల నీకు నేను అబద్ధం చెప్పిన. పండుకున్నది అన్న, లింగంపేట పోయింది అన్న. ఎక్కడ పోలే యాడీ, మట్టిల పోయింది. నువ్వు ఒక్కదానివి ఏడుస్తవని చెప్పలే, నేను చెప్పలే."

గాంగి మోకాళ్ళు వంగాయి. బిడ్డ చేతులు ఆమెను మెడ దగ్గర పట్టి నిలిపాయి. నేను ఒక అడుగు ముందుకు వేసి ఆగిపోయాను. అక్కడ నా అవసరం లేదు.

చాలాసేపటికి గాంగి గొంతు వచ్చింది. మొదట వాళ్ళ భాషలో, బొంగురుగా. "మందు ఎవరు పోసిన్రని అడుగుతున్నది" అన్నాడు తారాసింగ్ నాతో, తనతో తాను అనుకొన్నట్టు.

"నేనే పోసిన యాడీ. నర్సమ్మ చదువు గదా, నేనే పోసిన."

తరువాతి ప్రశ్న గాంగి తెలుగులోనే అడిగింది. ఈ ఏడుపులో బిడ్డకు ఏ మాటలు చేతనవునో ఆమెకు తెలిసిపోయింది.

"నా కోసం అడిగిందా బిడ్డా? అమ్మ నన్ను అడిగిందా?"

ఈ ప్రశ్నకు అత్త ఏ జవాబూ నేర్పలేదు. మాలతి ఆలస్యం చేయలేదు.

"అడగలే యాడీ. ఆఖరుకు నన్నే నువ్వు అనుకున్నది. నా చెయ్యి పట్టి, 'గాంగీ, ఎప్పుడొచ్చినవే' అన్నది. 'ఇప్పుడే వచ్చిన' అన్న నేను. 'ఇప్పుడే వచ్చిన అమ్మా' అన్న. ఇంక నీ కోసం దేవులాడలే. నిద్రల పోయింది."

గాంగి చేతులు అప్పుడు లేచాయి. బిడ్డ వీపు మీద ఒకటి, తల మీద ఒకటి. ఆమె తల మీది గుడ్డ జారి భుజాల మీద పడింది. ఆరేళ్ళుగా ఎక్కడో పెట్టి మరచిన రాగం ఆమెలోంచి ఎలా బయటికి వచ్చిందో నేను వర్ణించలేను. హాలులో ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. ఎందుకో వాళ్ళకూ తెలియదు. తెల్లజుట్టు ఆవిడ కూడా లేచి, పురుషోత్తం గారిని ఏదో అడిగింది. ఆయన తన కష్టపు ఇంగ్లీషులో చెప్పారు: ఆ పిల్ల తల్లికి ఒక వార్త చెబుతోంది, అయ్యేదాకా ఉందాం. పదకొండు దాటింది. వాళ్ళు కదల్లేదు.

తల్లీబిడ్డలు ఒకే మనిషి కోసం ఏడుస్తున్నారు. ఒకరు ఇప్పుడే పోగొట్టుకొన్నారు. ఇంకొకరు ఏడాదిగా పోగొట్టుకొని, ఇవాళే ఏడవడానికి అనుమతి పొందారు. ఆ రెండూ ఒకే రాగంలో సరిపోవడం చూస్తూ నేను నా తర్కం సంగతి మరచిపోయాను. గుర్తు వచ్చినా దానికి తీర్పు చెప్పాలనిపించలేదు.

తరువాత ఆఫీసు గదిలో కూర్చోబెట్టి నీళ్ళు ఇచ్చాను. మధ్యాహ్నం భోజనం చేసి వెళ్ళమని పురుషోత్తం గారు బతిమాలారు. గాంగి నీళ్ళు తాగి, గ్లాసు కడిగి, బోర్లించి పెట్టింది.

"వద్దు సారూ" అంది. ఆ గొంతు అలసిపోయింది కాని నిలకడగా ఉంది. బిడ్డ వైపు తిరిగింది. "పా బిడ్డా, ఇంటికి పోదాం. అమ్మను ఎక్కడ పెట్టిన్రో చూపిద్దువు గని."

తారాసింగ్ పెట్టె ఎత్తబోతే, ఒక వైపు తాడు మాలతి పట్టుకొంది. ఎల్లారెడ్డి బస్సుకు ఇంకా సమయం ఉందని నేను అన్నాను. వాళ్ళు అప్పటికే గేటు దాటారు.